కడిగే చేతులకు హాని లేకుండా: శుభ్రపరిచే రసాయనాలను ఎంచుకోవడం ఎలా

అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగానో, బడి నిర్వాహకులుగానో, ఆఫీసులో స్టోర్స్ చూసేవారిగానో మీరు నెలనెలా ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఫ్లోర్ క్లీనర్ కొంటూ ఉంటే ఈ వ్యాసం మీకోసమే. ఏది కొనాలో నిర్ణయించేది మీరు. దాన్ని రోజంతా పీల్చేది, చేతులతో ముట్టుకునేది వేరొకరు. బిల్లు మీద సంతకం పెట్టేవారు యాసిడ్ పోసిన బాత్రూంలో అయిదు నిమిషాలు కూడా నిలబడరు కాబట్టి ఏళ్ల తరబడి అదే దుకాణం, అదే జాబితా, అవే డబ్బాలు కొనసాగుతుంటాయి.

ఇది చిన్న విషయం కాదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు వేల మందికి పైగా ఐరోపావాసుల ఊపిరితిత్తుల పనితీరును 20 ఏళ్లపాటు గమనించారు. శుభ్రపరిచే ఉద్యోగంలో ఉన్న స్త్రీలలో ఆ పనితీరు మిగతావారి కంటే వేగంగా పడిపోయింది. ఇంట్లో తామే శుభ్రం చేసుకునే స్త్రీలలోనూ అదే కనిపించింది. ఉద్యోగంగా చేసేవారికి జరిగిన నష్టం, రోజుకో పెట్టె చొప్పున దాదాపు 20 ఏళ్లు సిగరెట్లు తాగినవారి నష్టానికి కొంచెం తక్కువగా ఉందని వారు లెక్కగట్టారు. ఈ రసాయనాలు చాలావరకు అవసరమే లేదని, మైక్రోఫైబర్ గుడ్డ, నీళ్లు చాలా పనులకు సరిపోతాయని కూడా అన్నారు. అక్కడి ఇళ్లకు కిటికీలు, గొట్టాలకు మంచి నీళ్లు ఉన్నాయి. కిటికీ లేని బాత్రూములు, బోరు నీళ్లు, లేబుల్ లేని యాసిడ్ సీసాలు ఉన్న మన దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ముందు స్టోర్ గది తలుపు తీయండి

ఒక పుస్తకం పట్టుకుని, శుభ్రం చేసేవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. గదిలో ఉన్న ప్రతి సీసా, డబ్బా, సంచీ పేరు రాయండి. పక్కన అది ఎక్కడ వాడుతున్నారో, నెలకు ఎంత ఖర్చవుతోందో రాయండి. లేబుల్ మీద పదార్థాల పేర్లు ఉన్నాయా లేదా అన్నది మరో గడిలో రాయండి. మంచినీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి పెట్టిన పసుపు రంగు ద్రవం మీకు దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. మూత తీసి వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం చేయవద్దు. అలాంటి సీసాలు ఆ రోజే పిల్లలకు అందని చోట విడిగా పెట్టి, ఇకపై తాగే వస్తువుల సీసాల్లో ఏదీ పోయకూడదని గట్టిగా చెప్పండి. దాహమేసి వచ్చిన పిల్లవాడు నీళ్లనుకుని యాసిడ్ తాగే ప్రమాదాలకు దారి ఇలాంటి సీసాలే.

తర్వాత కార్మికులతో కూర్చుని మాట్లాడండి. సూపర్‌వైజర్ లేనప్పుడు అడిగితే మంచిది. దేనితో చేతులు మండుతాయి? ఏది పోసినప్పుడు దగ్గు వస్తుంది? వేళ్ల సందుల్లో పగుళ్లు ఉన్నాయా? ఒక ప్రశ్న మాత్రం మరిచిపోవద్దు: దగ్గు, ఆయాసం సెలవు రోజున తగ్గి, పనిలోకి వచ్చాక మళ్లీ మొదలవుతున్నాయా? అవునంటే అది పనివల్ల వచ్చిన ఉబ్బసం కావచ్చు. ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి, వాడే సీసాల పేర్లు కాగితం మీద రాసి ఇచ్చి మరీ పంపాలి. మీ జాబితాలో మొదట తీసేయవలసిన వస్తువు ఏదో ఈ మాటల్లోనే తెలిసిపోతుంది. చాలా చోట్ల అది యాసిడే.

యాసిడ్‌ను జాబితాలోంచి కొట్టేయండి

మన దగ్గర బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కంపెనీలు అమ్మే చిక్కటి టాయిలెట్ క్లీనర్లలో ఇది సాధారణంగా నూటికి పది పాళ్ల దాకా ఉంటుంది. లేబుల్ లేకుండా అమ్మే సీసాలో ఎంత ఉందో అమ్మేవారికి కూడా తెలియదు. మూత తీయగానే లేచే పొగ ఆ ఆమ్లమే. ఆవిరై గాలిలోని తేమతో కలిసి సన్నటి తుంపరగా మారుతుంది. నాలుగడుగుల బాత్రూంలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంగి బ్రష్షుతో తోముతున్న మనిషి ముఖం ఆ పొగకు అడుగున్నర దూరంలో ఉంటుంది. కొంగు ఆ ఆవిరిని ఆపదు. సర్జికల్ మాస్కు కూడా ఆపదు. కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. రోజూ పీల్చేవారికి పళ్ల పైపొర కూడా అరుగుతుంది. కుళాయిలు, తలుపు బందులు తుప్పు పట్టడానికీ ఈ ఆవిరే కారణం. మనుషుల ఆరోగ్యం మాట వినని కమిటీ కుళాయిల ఖర్చు మాట వింటుంది, అక్కడ అదే చెప్పండి.

యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో చిల్లర అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. కొనేవారి గుర్తింపు పత్రం చూడాలి, కారణం అడిగి రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. ఇవేవీ లేకుండా సీసా చేతిలో పెట్టే దుకాణం నుంచి సంస్థ తరఫున కొనడం మీకే ఇబ్బంది.

మరి యాసిడ్ ఎందుకు వాడుతున్నాం? ఎక్కువగా బోరు నీళ్ల వల్ల. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు టైల్స్ మీద, కుళాయిల మీద, కమోడ్‌లో తెల్లటి పెచ్చులుగా పేరుకుంటాయి. సబ్బు వాటిని కరిగించదు, ఆమ్లమే కావాలి. అయితే ఆవిరి లేవని ఆమ్లాలు ఉన్నాయి. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ యాసిడ్ వాటిలో ముఖ్యమైనది. రసాయనాల దుకాణంలో కిలోల లెక్కన కొంటే చవకగా వస్తుంది.

వాడే పద్ధతి ఇది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించండి. పాత గుడ్డను అందులో తడిపి మరక మీద పరచండి, కుళాయి అయితే చుట్టండి. అరగంట తర్వాత బ్రష్షుతో తోమి కడిగేయండి. కమోడ్‌లో అయితే నీళ్లను బ్రష్షుతో లోపలికి నెట్టి మట్టం తగ్గించి, రాత్రి పొడి చల్లి, ఉదయం తోమాలి. ఏళ్లనాటి పెచ్చు ఒక్కసారికి పోదు. మొదటి నెల రెండు మూడు సార్లు చేయాలి. అప్పటికీ వదలకపోతే సల్ఫామిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది. దానికీ హైడ్రోక్లోరిక్‌లా పొగ ఉండదు, కానీ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని మీరే విడదీయాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు నిమిషాల్లో పని ముగిస్తుంది, నిమ్మ ఉప్పుకు అరగంట కావాలి. పని వేళలు మార్చకుండా సీసా మాత్రం మార్చితే వారంలో పాత యాసిడ్ మళ్లీ వచ్చేస్తుంది, అందులో కార్మికుల తప్పేమీ లేదు. అంతస్తులోని అన్ని బాత్రూముల్లో ముందుగా నిమ్మ ఉప్పు నీళ్లు పట్టించి, మెట్లు, వరండాలు తుడిచి, తిరిగి మొదటి బాత్రూంకు వచ్చేలా వరుస వేయండి. అదనపు సమయం పట్టదు. కడిగాక నేలను, కుళాయిలను వైపరుతో, పొడి గుడ్డతో ఆరబెడితే పెచ్చు కట్టడమే తగ్గుతుంది. ఆరిపోయే నీటి చుక్కే తెల్ల మరకను వదులుతుంది మరి.

కింద పరిచిన రాయి ఏమిటో కూడా చూసుకోవాలి. కడప బండలు, తాండూరు బండలు, షాబాదు బండలు, బేతంచెర్ల రాయి, ఇవన్నీ సున్నపురాళ్లే. మిగిలిపోయిన ముక్క ఉంటే దాని మీద నాలుగు చుక్కల నిమ్మ ఉప్పు నీళ్లు వేసి చూడండి. చిన్న బుడగలు లేస్తాయి. రాయి కరిగి బొగ్గుపులుసు వాయువుగా పోతోందన్నమాట. కాసేపటికి తుడిస్తే మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. పాలరాయి కూడా అంతే. కాబట్టి యాసిడైనా, నిమ్మ ఉప్పైనా, వెనిగరైనా పింగాణీకీ, సిరామిక్ టైల్స్‌కే పరిమితం. బండల మీద మామూలు సబ్బు ద్రవం, మెత్తని బ్రష్షు చాలు. టైల్స్ మధ్య సిమెంటు గీతలను కూడా ఆమ్లం తింటుంది కాబట్టి వాటి మీద ఎక్కువసేపు ఉంచవద్దు.

శుభ్రం చేయడం వేరు, క్రిములను చంపడం వేరు

జాబితాలో ఎక్కువ ఖర్చు, ఎక్కువ హాని సాధారణంగా ఇక్కడే ఉంటుంది. వరండా, మెట్లు, పార్కింగ్, లిఫ్టు గోడలు, ఆఫీసు నేల, వీటన్నిటికీ కావలసింది మురికి పోవడం. సబ్బు, నీళ్లు, గుడ్డ, తోమడం కలిస్తే మురికితోపాటు క్రిముల్లో చాలా భాగం కొట్టుకుపోతుంది. అక్కడ రోజూ ఫినాయిలో, క్రిమిసంహారక ఫ్లోర్ క్లీనరో పోయడం వల్ల అదనంగా వచ్చేది వాసన మాత్రమే.

ఆ వాసన దగ్గరే మన అలవాటు ఆగిపోతుంది. ఫినాయిల్ కంపు వస్తేనే కడిగినట్టు లెక్క. నల్ల ఫినాయిల్ వాసన తారు నుంచి వచ్చే ఫినాలిక్ పదార్థాలది. అవి చర్మాన్ని కాలుస్తాయి, నీటిలోకి చేరితే చేపలకు విషం. నిమ్మ, పైన్ పరిమళాలు కూడా అమాయకమైనవి కావు. అవి గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ వంటివి తయారుచేస్తాయి. మూత్రశాలల్లో వేసే తెల్ల బిళ్లలు, కలరా ఉండలు నాఫ్తలీన్‌తోనో పారాడైక్లోరోబెంజీన్‌తోనో చేస్తారు. రెండింటినీ క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల వర్గంలో చేర్చింది. అవి దుర్వాసనను పోగొట్టవు, కప్పిపెడతాయి. మూత్రశాల వాసనకు అసలు కారణం పేరుకున్న గార. దాన్ని నిమ్మ ఉప్పుతో తోమి, నీళ్లు ధారాళంగా పారేలా చూస్తే బిళ్లలతో పనిలేదు.

క్రిమిసంహారకం నిజంగా కావలసిన చోట్లు తక్కువ: వాంతి, విరేచనం, రక్తం పడిన చోటు, జబ్బు మనిషి వాడిన మరుగుదొడ్డి, అందరూ ముట్టుకునే గడియలు, కుళాయిలు. ఆసుపత్రిలో మాత్రం ఈ నిర్ణయం స్టోర్స్‌ది కాదు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ చెప్పినదే వాడాలి, సొంతంగా మార్చకూడదు.

గడియలు, లిఫ్టు బటన్లకు 70 శాతం ఆల్కహాలు తడిపిన గుడ్డ బాగుంటుంది, నిప్పుకు దూరంగా ఉంచితే చాలు. నేలకు, మరుగుదొడ్డికి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ, లాక్టిక్ యాసిడ్‌తో గానీ చేసినవి దొరికితే ఎంచుకోండి. ఆ పని చేశాక అవి నీరు, ఆక్సిజన్, లేదా సులువుగా కుళ్లిపోయే పదార్థాలుగా విడిపోతాయి. మార్కెట్లో ఎక్కువగా కనిపించే ఫ్లోర్ క్లీనర్లలో ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్. ఇది ఉబ్బసానికి దారితీసే పదార్థాల్లో ఒకటి, నీటి జీవులకు బాగా హానికరం. నిషేధించమనను, రోజువారీ జాబితాలోంచి మాత్రం తీసేయమంటాను.

బ్లీచింగ్ చవక, బాగా పనిచేస్తుంది, కాబట్టి కొంచెం ఉంచుకోవచ్చు. అయితే కొలత ముఖ్యం. ఉపరితలాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గాఢత 0.1 శాతం. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే పది లీటర్ల నీళ్లకు సుమారు 35 గ్రాములు. 5 శాతం ద్రవ హైపోక్లోరైట్, అంటే సీసాల్లో దొరికే ద్రవ బ్లీచ్ అయితే పది లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఒకసారి తూకం వేసి, ఆ కొలతకు సరిపడే గిన్నె ఒకటి పెట్టి, దాని మీద పెయింటుతో గీత గీయండి. గుప్పెళ్లతో వేయడం ఆపితే సగం సమస్య తీరుతుంది. మురికి ఉన్న చోట బ్లీచింగ్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, అందుకే ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్లు పట్టించి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. కలిపిన నీళ్లు ఆ రోజుకే. ఎండ, వేడి తగిలితే బలం పోతుంది.

వానాకాలం రాగానే కాలువల అంచున తెల్లగీతలా పొడి బ్లీచింగ్ చల్లడం మన ఊళ్లలో ఆనవాయితీ. దోమలు దానితో పోవు, రోగాలూ ఆగవు. చల్లేవారి కళ్లలో, ముక్కులో మాత్రం దుమ్ము పడుతుంది. ఆ డబ్బుతో కాలువ పూడిక తీయించడం మేలు. కోవిడ్ రోజుల్లో మనుషుల మీద క్రిమిసంహారకాలు చిమ్మవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. గాలిలోకి చిమ్మే పద్ధతిని మీ భవనంలో కూడా మానుకోండి.

రెండు కలపకూడదు

ఈ ఒక్క మాటా గోడ మీద రాయించండి: బ్లీచింగ్‌తో ఏదీ కలపకూడదు. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో కలిస్తే క్లోరమీన్లు పుడతాయి, అవీ ఊపిరితిత్తులకు ప్రమాదమే. నిమ్మ ఉప్పుతో, వెనిగర్‌తో కలిపినా క్లోరినే వస్తుంది, "ఇంట్లో వాడేవే కదా" అనుకోవద్దు.

ఎవరూ కావాలని కలపరు. ప్రమాదం జరిగే తీరు వేరు. పొద్దున ఒకామె కమోడ్‌లో టాయిలెట్ క్లీనర్ పోసి, నాననిచ్చి పక్క బాత్రూంకు వెళ్తుంది. ఇంకొకామె వచ్చి, తెల్లగా వస్తుందని అందులోనే బ్లీచింగ్ పౌడర్ చల్లుతుంది. క్షణాల్లో ఘాటు పొగ. తలుపు దగ్గరగా వేసి ఉంటే బయటికి వచ్చేలోపే ఊపిరి అందదు. అందుకని సబ్బు కాకుండా ఒక గదిలో ఒక రోజున ఒకే రసాయనం అన్న నియమం పెట్టండి. బ్లీచింగ్‌ను, ఆమ్లాలను వేర్వేరు అరల్లో కాదు, వీలైతే వేర్వేరు గదుల్లో ఉంచండి. వాసన వస్తే తుడవడానికి ప్రయత్నించకుండా వెంటనే బయటికి రావాలని, తలుపు తెరిచి ఉంచాలని, ఎవరూ లోపలికి వెళ్లకూడదని అందరికీ చెప్పండి.

వంట సోడా, వెనిగర్ కలిపి పోస్తే కాలువ తెరుచుకుంటుందని చెబుతుంటారు. అందులో ప్రమాదం లేదు, ప్రయోజనం కూడా పెద్దగా లేదు. నురగ వచ్చాక రెండూ ఒకదాన్నొకటి చెల్లగొట్టుకుంటాయి. కాలువ మూసుకుపోతే కాస్టిక్ సోడా పోయించవద్దు. అది చర్మాన్ని, కళ్లను కరిగిస్తుంది, వేడి నీళ్లతో కలిస్తే చిమ్ముతుంది. రబ్బరు పంపుతో, పొడవాటి తీగతో తీయించండి. జిడ్డుకు వేడి నీళ్లలో చాకలి సోడా సరిపోతుంది, అయితే గ్లవ్స్ వేసుకోవాలి, అల్యూమినియం గిన్నెలకు తగలనివ్వకూడదు.

లేబుల్ చదవండి, అమ్మేవారిని కాగితం అడగండి

సంస్థలకు అమ్మే రసాయనాలకు సేఫ్టీ డేటా షీట్ అని ఒక పత్రం ఉంటుంది. 16 భాగాలతో ఒకే క్రమంలో ఉంటుంది కాబట్టి ఒకసారి అలవాటైతే రెండు నిమిషాల్లో చదవచ్చు. అది లేదన్న సరఫరాదారు దగ్గర కొనవద్దు. మీరు చూడవలసింది అయిదు భాగాలు. రెండో భాగంలో ప్రమాదాలు, మూడో దానిలో పదార్థాలు, ఎనిమిదిలో ఏ గ్లవ్స్ వాడాలో, పదిలో దేనితో కలపకూడదో, పన్నెండులో నీటి జీవులకు ఏమవుతుందో ఉంటాయి.

రెండో భాగంలో హెచ్ అక్షరంతో మొదలయ్యే సంకేతాలు ఉంటాయి. వీటిని ఒక చీటీ మీద రాసుకోండి. హెచ్ 314 అంటే చర్మాన్ని, కళ్లను తీవ్రంగా కాల్చేది. హెచ్ 334 పీల్చితే ఉబ్బసం తెచ్చేది. హెచ్ 317 చర్మానికి ఎలర్జీ తెచ్చేది. హెచ్ 350 క్యాన్సర్ తెచ్చేది. హెచ్ 400, హెచ్ 410 నీటి జీవులకు చాలా విషపూరితమైనవి. 334, 350 ఉంటే కొనకండి. 314 ఉన్నదానికి బదులు దొరుకుతుందేమో వెతకండి. 400, 410 ఉన్నదాన్ని రోజూ కాలువలో పోసే పనికి వాడవద్దు. ఒక జాగ్రత్త: ఈ సంకేతాలు డబ్బాలో ఉన్న గాఢమైన ద్రవానికి సంబంధించినవి. నీళ్లు కలిపాక ప్రమాదం తగ్గుతుంది, కానీ ఆ నీళ్లు కలిపేదీ ఒక మనిషే.

లేబుల్ ముందువైపు ఆకు బొమ్మ, "రసాయనాలు లేనిది", "ప్రకృతి సిద్ధం" అన్న మాటలు చూసి నమ్మవద్దు. పర్యావరణం పేరుతో చేసే అబద్ధపు ప్రచారంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది, ఆధారం చూపమని అడిగే హక్కు మీకుంది. మన ప్రభుత్వ గుర్తు ఎకోమార్క్. 1991లో మట్టికుండ బొమ్మతో మొదలైంది, 2024లో కొత్త నియమాలు వచ్చాయి. విదేశీ సంస్థల దగ్గర కొనేవారు అమెరికా ప్రభుత్వపు సేఫర్ చాయిస్ గుర్తును, గ్రీన్ సీల్ గుర్తును చూడవచ్చు. వాటి వెనుక పదార్థాలను నిజంగా పరిశీలించిన లెక్క ఉంటుంది.

సహజమైనదంతా సురక్షితం అనుకోవద్దని కుంకుడుకాయ మనకు చిన్నప్పుడే నేర్పింది. తలంటి రోజున కంట్లో పడిన కుంకుడు పులుసు మంట ఎవరూ మరిచిపోరు. కుంకుడులో నురగ తెచ్చే సపోనిన్లు అనే పదార్థాలు చేపలకు విషం, ఆ కుటుంబపు చెట్ల కాయలతో చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి పలు దేశాల్లో ఉంది. అయినా కుంకుడు రసం నేలకు, ఇత్తడికి, వెండికి మంచిదే. అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది, చెరువులోకి నేరుగా పోయకుండా ఉంటే చాలు. పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్లు మూడు నెలలు పులియబెట్టి చేసే బయో ఎంజైము కూడా తేలికపాటి ఆమ్లమే. మరకలకు, వాసనకు బాగుంటుంది, రోగక్రిములను చంపుతుందని మాత్రం లెక్కపెట్టుకోవద్దు. బిగించిన సీసా పేలకుండా మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి.

మీ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి

హైదరాబాదులోనూ, విశాఖలోనూ పెద్ద అపార్ట్‌మెంట్లలో సొంత మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. అందులో పనిచేసేది యంత్రం కంటే ఎక్కువగా బ్యాక్టీరియా. ఫినాయిల్, బ్లీచింగ్, బెంజాల్కోనియం ఎక్కువగా పోస్తే ఆ బ్యాక్టీరియా చస్తుంది, దుర్వాసన మొదలవుతుంది, దాన్ని కప్పడానికి మరింత ఫినాయిల్ పోస్తారు. శుద్ధి చేసిన నీళ్లు మళ్లీ తోటకూ, ఫ్లష్ ట్యాంకులకూ వస్తాయి కాబట్టి మీరు పోసింది కొంత మీ ఇంటికే తిరిగి వస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్న బడికీ ఇదే వర్తిస్తుంది. శుద్ధి కేంద్రం చూసే ఆపరేటరును అడగండి: ఏ రోజుల్లో వాసన, నురగ ఎక్కువ? ఆ రోజుల్లో ఏం కడిగారో పోల్చి చూడండి.

శుద్ధి కేంద్రం లేని చోట అంతా కాలువ ద్వారా చెరువుకే. బెంగళూరు బెళ్లందూరు చెరువు మీద నుంచి రోడ్డు మీదికి ఎగిరిపడిన తెల్లటి నురగ, శుద్ధి కాని మురుగుతోపాటు చేరిన డిటర్జెంట్ల పనే. అందుకే సబ్బు ద్రవం కొనేటప్పుడు ఫాస్ఫేటు లేనిది, త్వరగా విచ్ఛిన్నమయ్యేది అడగండి. నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్ అన్న పేరు పదార్థాల్లో కనిపిస్తే వద్దనండి. అది విరిగి, హార్మోన్లను దెబ్బతీసే పదార్థంగా నీళ్లలో నిలిచిపోతుంది. ఐరోపా దేశాల్లో శుభ్రపరిచే వస్తువుల్లో దాన్ని చాలా ఏళ్ల కిందటే కట్టడి చేశారు.

జాబితాను కుదించి, కొత్తది ప్రయత్నించండి

చివరకు మిగలవలసినవి అయిదారే. తటస్థమైన (ఆమ్లమూ క్షారమూ కాని) సబ్బు ద్రవం, నిమ్మ ఉప్పు, చాకలి సోడా, ఆల్కహాలు, పెరాక్సైడ్ రకం క్రిమిసంహారకం, తాళం వేసిన అరలో కొంచెం బ్లీచింగ్. వీటికంటే ముఖ్యంగా మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, గట్టి బ్రష్షులు, వైపర్లు కొనండి. రసాయనం తగ్గిన చోట తోమే సాధనం బాగుండాలి, లేకపోతే ఆ భారమంతా కార్మికుల భుజాల మీద పడుతుంది. గుడ్డలకు రంగులు కేటాయించండి: మరుగుదొడ్డికి ఎరుపు, వంటగదికి ఆకుపచ్చ, మిగతా వాటికి నీలం. తెలుగు చదవలేని ఒడిశా, బీహార్, జార్ఖండ్ కార్మికులు చాలామంది మన భవనాల్లో పనిచేస్తున్నారు. రంగులు, బొమ్మలు వారికి లేబుల్ కంటే బాగా తెలుస్తాయి.

మొత్తం భవనంలో ఒకేసారి మార్చవద్దు. ఒక అంతస్తులో నెల రోజులు కొత్త జాబితాతో చేయించి, చేసినవారినే ముందు అడగండి: చేతులెలా ఉన్నాయి, దగ్గు తగ్గిందా, ఏ మరక వదలడం లేదు? తర్వాత నివాసులను అడగండి. "వాసన రావడం లేదు, కడగలేదేమో" అన్న ఫిర్యాదు తప్పక వస్తుంది. దానికి జవాబు కార్మికులు చెప్పుకోవలసిన పరిస్థితి రానివ్వకండి. మీరే నోటీసు బోర్డు మీద కారణం రాయండి. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు ఇచ్చేవారైతే అనుమతించిన వస్తువుల జాబితాను ఒప్పందంలోనే చేర్చండి, లేకపోతే కాంట్రాక్టరు చవక యాసిడ్ తెస్తారు.

నీళ్లు కలిపే పని తలుపులు తెరిచిన చోట, కళ్లద్దాలు, మోచేతి దాకా వచ్చే నైట్రైల్ లేదా రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేయాలి. ముందు నీళ్లు, తర్వాత రసాయనం. ఎవరి గ్లవ్స్ వారికే ఉండాలి, చేతి కొలతకు సరిపోవాలి. వదులుగా ఉంటే లోపలికి ద్రవం దిగి చర్మాన్ని ఇంకా ఎక్కువసేపు కాలుస్తుంది. స్ప్రే గాలిలోకి కొట్టకుండా గుడ్డ మీద పోసి తుడవడం నేర్పండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు. సబ్బు మిగిలిన నేల జిగటగా మారి మురికిని ఇంకా పట్టుకుంటుంది.

ప్రమాదం జరిగితే, డబ్బా ఖాళీ అయితే

కంట్లో పడితే వెంటనే కుళాయి కింద రెప్పలు తెరిచి కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసేసి నీళ్లు పోయాలి. యాసిడ్‌కు విరుగుడని సోడా, సోడాకు విరుగుడని నిమ్మరసం రుద్దవద్దు. మింగితే వాంతి చేయించకూడదు, లోపలికి పోయేటప్పుడు కాల్చినది బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోను చేసి, ఆ సీసాను లేదా లేబుల్ ఫోటోను వెంట తీసుకెళ్లాలి. స్టోర్ గది దగ్గరే కుళాయి ఉండాలని అనేది ఇందుకే.

పాత యాసిడ్ నిల్వను కాలువలో కుమ్మరించవద్దు, సరఫరాదారుకు వెనక్కి ఇవ్వండి. తీసుకోకపోతే ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే ఏర్పాటు ఎక్కడుందో పురపాలక కార్యాలయంలో అడగండి. అయిదు లీటర్ల ఖాళీ డబ్బాలను కార్మికులు నీళ్లకో, నూనెకో ఇంటికి తీసుకెళ్తుంటారు. మూడుసార్లు కడిగినా ప్లాస్టిక్‌లోకి ఇంకినది పూర్తిగా పోదు. ఆ డబ్బాలకు అడుగున రంధ్రం చేశాకే పాత సామాను కొనేవారికి ఇవ్వండి. నీళ్లు పట్టుకోవడానికి కొత్త డబ్బాలు సంఘం ఖర్చుతో కొనివ్వండి.